ఎనిమిదవ నెల బిడ్డ

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదనియు చెప్పు మాట వినని తెలుగు కుటుంబ ముండదు. మేము మా నాయనమ్మ చెప్పగా వింటిమి. ఆమె తన అత్తగారు చెప్పగా విన్నది. గత మాసమున మా అక్కతో గూడ ఒక బారసాలకు పోయినప్పుడు, పట్టభద్రురాలైన యొక గృహిణి యీ మాటనే నిండు నమ్మకముతో పలుకగా మరల వింటిమి. ఉయ్యాలలోని బిడ్డ 33వ వారమున పుట్టి, మూడు వారములు వైద్యశాలలో నుండి, క్షేమముగా ఇంటికి వచ్చినది. ఆ బిడ్డను కన్నులార చూచుచునే ఆమె, "ఎనిమిదో నెల గదా, ఏదో దేవుడి దయ. ఏడో నెలైతే ఇంత భయం ఉండేది కాదు" అనెను. కూర్చున్న ముత్తైదువ లందరు తల యూచిరి. మా అక్క మాత్రము యూపలేదు. ఆమె ఉయ్యాలవైపు చూచుచుండెను.

ఆ గృహిణిని ఆక్షేపించుటకు మాకు అధికారము లేదు. ఏలయన, ఈ మాటకు శాస్త్రప్రమాణము చూపి ఒక యింటివారి కాళ్లకు బంధము వేసినవారము మేమే. ఇరువదేండ్లకు పైగా మనస్సులో నున్న ఆ సంగతిని చదువరులకు విన్నవించుకొనవలెనని తోచినది.

2001వ సంవత్సరమున, వర్షకాలములో, మా అక్క తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చియుండెను. మా పల్లె కోనసీమలోనిది. పెద్ద వైద్యశాల గల పట్టణమునకు పోవలెనన్న గోదావరి పాయను పంటుమీద దాటవలెను. ఎనిమిదవ నెల జరుగుచుండగా ఒకనాటి రాత్రి, ఎవరు నెదురుచూడని వేళ, నొప్పులు వచ్చి, ఊరి నర్సు వచ్చునంతలో మగశిశువు పుట్టెను. పుట్టగానే యేడ్చెను. అందరము సంతోషించితిమి. అరగంట గడవలేదు, శిశువు ఊపిరి తీరు మారెను. నిమిషమునకు లెక్కపెట్టలేనంత వేగముగా ఊపిరి యాడుచుండెను, ముక్కుపుటములు అదరుచుండెను, ఊపిరి పీల్చినప్పుడెల్ల ప్రక్కటెముకల క్రింద చర్మము లోనికి గుంజుకొనిపోవుచుండెను. ఊపిరి విడుచునప్పుడు మాత్రము ఒక చిన్న మూలుగు. పిల్లి కూనది వంటి మూలుగు. ఒకటి విడిచి ఒకటి, తెంపు లేక.

"పట్నం తీసుకుపోండి బాబూ, ఇప్పుడే" అని నర్సు చెప్పెను. పెద్దలు ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. "ఎనిమిదో నెల" అని యెవరో యనిరి. అప్పుడు మా నాన్నగారు మా వైపు తిరిగి, "నీ పుస్తకాల్లో ఏముందిరా?" అని యడిగిరి. మే మప్పుడు సంస్కృతమున ఎమ్.ఏ. చదువుచుంటిమి, వయస్సు ఇరువదిరెండు, చదివినదెల్ల నోటనుండుటే పాండిత్యమనుకొను కాలము. సుశ్రుతసంహిత శారీరస్థానమున, ఎనిమిదవ మాసమున ఓజస్సు స్థిరముగా నుండదనియు, అప్పుడు పుట్టిన శిశువు ఓజోహీనమగుటచేత జీవింపదనియు ఉన్నదని చెప్పితిమి. చరకుడు సైతము ఆ మాసమున ఓజస్సు తల్లికిని బిడ్డకును నడుమ అటునిటు సంచరించుచుండునని చెప్పినాడని దానికి జోడించితిమి. అడుగనిదే ఆ రెండవ ప్రమాణము నేల జోడించితిమో మాకిప్పటికిని తెలియదు. మా నాన్నగారు చాపమీద కూర్చుండిరి. ఆ రాత్రి పంటు కట్టివేసియున్న మాట నిజమే. పంటువానిని లేపవచ్చును; నాటుపడవను మాటాడవచ్చును. ఎవరు నా పని చేయలేదు. తెల్లవారిన తరువాత బయలుదేరి, మధ్యాహ్నమునకు ముందు వైద్యశాల చేరితిమి. సాయంకాలమునకు శిశువు పోయెను. మా బావగారు వచ్చునప్పటికి చూచుటకు ఏమియు మిగులలేదు.

వెంటనే తీసికొనిపోయియుంటిమేని బ్రతికియుండునని మేము చెప్పజాలము. అయినను తొమ్మిది గంటలకాల మా మూలుగు వినుచు కూర్చుండితిమి. అది యేమి మూలుగో మాలో నెవరికిని తెలియదు.

తరువాతి కాలమున, ఉపాధ్యాయవృత్తిలో కుదిరి, భౌతికశాస్త్రోపాధ్యాయుడు లేనప్పుడు ఆ తరగతులను గూడ చెప్పవలసివచ్చి, తలతన్యతను గూర్చిన పాఠమున కని పుస్తకములు తిరుగవేయుచుండగా మా కా మూలుగునకు అర్థము దొరకినది. అది దొరకిన దినమున మాకు అన్నము సహింపలేదు.

ఊపిరితిత్తులు రెండు గాలిసంచులని చిన్న తరగతులలో చెప్పుచుందుము. నిజమునకు వానిలో 30 కోట్లకు తక్కువ గాని గాలిగదు లున్నవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు ఐదవ వంతు. వాని గోడలన్నిటిని పరచిన యెడల 70 చదరపు మీటర్లవరకు, అనగా మా బడిలోని పెద్ద తరగతిగది నేల యంత, యగును. ఈ గోడల లోపలివైపు సర్వదా తడిగా నుండును. చిక్కంతయు ఆ తడిలోనే యున్నది. తడిసిన రెండు పలకల నొకదానిపై నొకటి పెట్టి విడదీయబోయిన పిల్లవానికి నీటి పట్టు ఎంతటిదో తెలియును. గాలి తగులు చోట నీటి అణువులు ఒకదాని నొకటి లోనికి లాగుకొని, నీటిపై బిగించిన పొర యున్నట్లు చేయును. తామరాకుపై నీటిబొట్టు గుండ్రముగా నిలుచుట దీనివలననే. ఈ లాగుడునకే తలతన్యత యని పేరు. గుండ్రని గాలిగది లోపల నిట్టి తడిపొర యున్నచో అది గదిని లోనికి మూసివేయ జూచును. గది యెంత చిన్నదైన ఆ యొత్తిడి యంత హెచ్చు. లాప్లాసు అను ఫ్రెంచి గణితజ్ఞుని సూత్ర మిది. ఒక గొట్టమున కీ కొన నొక చిన్న సబ్బుబుడగను, ఆ కొన నొక పెద్ద బుడగను నిలిపి నడుమ దారి తెరచినచో, పెద్దది చిన్నదానిలోనికి గాలి పంపునని పిల్ల లందరు చెప్పుదురు. జరుగునది దానికి విపర్యయము. చిన్నది తన గాలినంతయు పెద్దదానికి ధారపోసి తాను మాయమగును. లోకవ్యవహారము తెలిసిన పెద్దల కిందులో ఆశ్చర్యపడవలసినది లేదు గాని, పిల్లలు మాత్రము ప్రతి సంవత్సరము ఆశ్చర్యపడుచునే యున్నారు.

మరి మన ఊపిరితిత్తులలో చిన్న గదులన్నియు మూతపడక నిలుచుట యెట్లు? గదుల గోడలలో నొక జాతి కణములు క్రొవ్వును మాంసకృత్తులను కలిపి, ఉల్లిపాయవలె పొరలుపొరలుగా చుట్టి దాచుకొని, కొంచెము కొంచెముగా బయటికి విడుచుచుండును. అది తడిమీద పరచుకొని పలుచని పొర యగును. దీనికి సర్ఫాక్టెంటు అని పేరు. పదింట తొమ్మిది పాళ్లు క్రొవ్వులు, తక్కినది మాంసకృత్తులు. క్రొవ్వులలో ప్రధానమైనది డైపామిటోయిల్ ఫాస్ఫటిడిల్ కోలీన్. అమరము వల్లించినవారి కీ పేరు కష్టము గాదు. దాని అణువునకు తల యొకటి, తోకలు రెండు. తల నీటిని కోరును, తోకలు నీటిని సహింపవు. అందుచేత తలలు తడిలోను తోకలు గాలిలోను ఉంచి యవి బారులు తీరి నిలుచును. తోకలు వంకరలేక నిడుపుగా నుండుటచేత, ఊపిరి విడిచి గది కుంచించుకొన్నప్పుడు తాటాకుకట్టవలె దగ్గరగా ఒదిగి, నీటి అణువులు ఒకదాని నొకటి లాగుకొనుటకు ఎడము లేకుండ చేయును. దేహపు వెచ్చదనమున నీటి తలతన్యత సెంటీమీటరునకు 70 డైనులు. ఈ పొర యున్నచోట అది 25కు దిగును. గది మిక్కిలి కుంచించుకొన్నప్పుడు దాదాపు సున్న యగును. గది చిన్నదైనకొలది లాగుడు తగ్గును, పెద్దదైనకొలది హెచ్చును. చిన్నది పెద్దదానికి ధారపోయవలసిన దుర్గతి యిక లేదు.

అయితే ఈ క్రొవ్వొక్కటియే యున్న చాలదు. అది 41 డిగ్రీల వేడిమికి గాని మెత్తబడదు, మన దేహము 37 డిగ్రీలు. కాబట్టి తనంతట తాను త్వరగా పరచుకొనజాలదు. దానిని చేర్చవలసినచోట చేర్చి, ప్రతి ఊపిరికి మరల పరచువి బి, సి అను గుర్తులుగల రెండు చిన్న మాంసకృత్తులు. వీనిలో బి అనునది పుట్టుకతోనే లేని శిశువులు అరుదుగా నుందురు; నెలలు నిండి పుట్టినను వారికి ఊపిరి నిలువదు. ఏ, డి అను మరి రెండు పెద్ద మాంసకృత్తులు లోనికి వచ్చిన సూక్ష్మజీవులను పట్టి, వానిని మ్రింగు కణముల కప్పగించును. పొర నిలుపువారు కొందరు, కావలి కాయువారు కొందరు.

ఇంతకు మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిది. ఈ పదార్థము గర్భస్థశిశువునందు సుమారు 24వ వారమునుండి తయారగుట కారంభించి, వారము వారమునకు హెచ్చుచు, 35వ వారము ప్రాంతమున చాలినంత యగును. అది యేడవ నెలలో వచ్చి, ఎనిమిదవ నెలలో పోయి, తొమ్మిదవ నెలలో మరల వచ్చునది కాదు. మిగిలిన వన్నియు సమానముగా నున్న యెడల, ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డకన్న బ్రతుకు ఆశ యధికమే కాని తక్కువ గాదు. మన పెద్దల మాట తలక్రిందుగా నున్నది.

మనవా రొక్కరే యిట్లనుకొనలేదు. ప్రాచీన గ్రీకు వైద్యులును ఇట్లే యనుకొని, ఎనిమిదవ నెల బిడ్డను గూర్చి ప్రత్యేకముగా గ్రంథమే వ్రాసిరి. ఆరిస్టాటిలు మాత్రము ఈజిప్టులో ఎనిమిదవ నెల బిడ్డలు బ్రతుకుచున్నారని గుర్తించెను. ఇంత దూరమున నున్న రెండు జాతులలో నీ భ్రమ యేల పుట్టినదో నిశ్చయముగా చెప్పలేము గాని, మాకొక యూహ గలదు. వివాహమైన యేడు నెలలకు నిండుగా నాలుగు కిలోల బిడ్డ పుట్టినప్పుడు, ఇంటి గౌరవము నిమిత్తము దానిని ఏడవ నెల బిడ్డ యనుట పెద్దల కందరికి అనుకూలము. అట్టి యేడవ నెల బిడ్డలు చక్కగా బ్రతుకుటలో వింత యేమున్నది?

ఈ పొర సంగతి లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. స్విట్జర్లాండులో వాన్ నీర్గార్డు అను వైద్యుడు 1929లో, ఊపిరితిత్తులను గాలితో నింపుటకన్న ద్రవముతో నింపుట సులభమని కనుగొని, తడికిని గాలికిని నడుమనున్న తలతన్యతయే దీనికి కారణమని చెప్పెను. నవజాతశిశువు తొలి ఊపిరికి దీనికి సంబంధ ముండవచ్చునని గూడ సూచించెను. పాతికేండ్లు ఎవరు నా మాట లక్ష్యపెట్టలేదు. చివర కెవరు లక్ష్యపెట్టిరో చూడుడు: యుద్ధములో విషవాయువులను గూర్చి పరిశోధించువారు. ఇంగ్లండులో ప్యాటిలు 1955లో ఊపిరితిత్తులనుండి వచ్చిన నురుగు బుడగలు చిట్లకుండ వింతగా నిలుచుటను గమనించెను. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో క్లెమెంట్సు 1957లో ఆ పొర కుదించినప్పుడు తలతన్యత పడిపోవుటను కొలిచి చూపెను. మనుష్యుల ఊపిరి తీయు విద్య వెంటబడి పోయినవారికి శిశువుల ఊపిరి నిలుపు విద్య త్రోవలో దొరకినది.

ఆ తరువాత మేరీ ఎలెన్ ఏవరీ. ఈమె వైద్యవిద్య ముగిసిన కొలదికాలమునకే క్షయవ్యాధి బారినబడి, ఆ మంచముమీదనే ఊపిరితిత్తులపై ఆసక్తి పెంచుకొన్నది. నెలలు నిండక పుట్టి ఊపిరాడక చనిపోయిన శిశువుల గాలిగదులలో గాజువంటి పొర యొకటి కనబడుచుండుటచేత, అదియే మరణకారణమని వైద్యు లనుకొనుచుండిరి. ఉన్నదాని నందరు చూచుచుండగా, ఈమె లేనిదానిని చూచినది. 1959లో ఈమెయు మీడ్ అను సహచరుడును ఆ శిశువుల ఊపిరితిత్తులలో సర్ఫాక్టెంటు లోపించియున్నదని ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1963 ఆగస్టు 7వ తేదీన, అమెరికా అధ్యక్షుడు కెనెడీకి 34 వారములకే పుత్రుడు పుట్టి, ఈ వ్యాధిచేతనే 39 గంటలలో చనిపోయెను. లోపమేమో తెలిసినను దానిని పూరించు మందు లేదు. అంతటి అధికారమును ఐశ్వర్యమును ఆ పలుచని పొరకు బదులు కాలేకపోయెను. క్రొవ్వును మాత్రమే తుంపరలుగా చేసి పీల్పించిన తొలి ప్రయత్నములు ఫలింపలేదు. మాంసకృత్తుల పని అప్పటికి తెలియదు గదా. 1980లో జపానుదేశపు ఫుజివారా, ఆవు ఊపిరితిత్తులనుండి తీసి సిద్ధపరచిన సర్ఫాక్టెంటును పదిమంది శిశువుల శ్వాసనాళములలోనికి పోసి గుణము చూపెను. అది మొద లీ మందు లోకమున వ్యాపించినది.

దీనికన్న చౌకయైన మార్గ మంతకుముందే తెలిసియున్నది. న్యూజిలాండులోని ఆక్లండులో లిగిన్సు అను వైద్యుడు, ప్రసవ మెట్లు ఆరంభమగునో తెలిసికొనుటకై గర్భస్థములైన గొర్రెపిల్లలకు స్టీరాయిడు మందు లిచ్చుచుండగా, బ్రతుకరానంత ముందుగా పుట్టిన పిల్ల యొకటి ఊపిరి పీల్చుచు కనబడెను. ఆ మందు ఊపిరితిత్తులు పండుటను త్వరపరచునని యాతడు గ్రహించెను. ఆతడును హౌవీ అను వైద్యుడును 282 మంది తల్లులపై పరీక్షించి, 1972లో ఫలితమును ప్రకటించిరి: ముందుగా కాన్పు వచ్చునట్లున్న తల్లికి సూది యిచ్చినచో బిడ్డ మరణములు తగ్గును. అయినను అమెరికాలో 1994నాటి నిపుణుల సభవరకు అనేక వైద్యులు దానిని వాడరైరి. మా నాన్నగారు తొమ్మిది గంటలు కూర్చుండిరి. వారు ఇరువదేండ్లు కూర్చుండిరి. నమ్మకము పాతదైనను క్రొత్తదైనను, పండితునిదైనను వైద్యునిదైనను, దానినుండి లేచుట కాలస్యమే.

ఇంకొక మాట. ఎనిమిదవ నెల యన్న భయపడు మన యిండ్లలోనే, తొమ్మిదవ నెలలో మంచి ముహూర్తము చూచి, నొప్పులు రాకముందే శస్త్రచికిత్స చేయించి బిడ్డను తీయించుట యాచారమగుచున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60కి మించిన కాన్పులు శస్త్రచికిత్సవలననే జరిగినవి. వానిలో ప్రాణరక్షణార్థమైనవి యున్నవి; వానిని మేము ప్రశ్నింపము. నక్షత్రము కొరకు 36వ, 37వ వారముననే తీయించుటను మాత్రము ప్రశ్నించుచున్నాము. నొప్పులు రానిదే తీసిన యట్టి శిశువుల కూపిరి యిబ్బంది హెచ్చుగా కలుగునని వైద్యు లెరుగుదురు. నక్షత్రము గాలిగదిని తెరువదు.

2016లో మా యింటనే పరీక్ష వచ్చినది. మా భార్యకు 32వ వారమున అకస్మాత్తుగా ఉమ్మనీరు పోయెను. ఈసారి మేము గ్రంథములు తీయలేదు, బండి తీసితిమి. వైద్యురాలు పన్నెండు గంటల కొకటిచొప్పున నాలుగు సూదులు ఇప్పించెను. కాన్పు రెండుదినములు ఆగెను. పుట్టిన ఆడశిశువు బరువు కిలో ఆరువందల గ్రాములు. అద్దపు పెట్టె దగ్గరకు మమ్ము పిలిచిరి. పోయి నిలుచుండగానే ఆ మూలుగు వినబడెను. పదునైదేండ్ల తరువాత, అదే మూలుగు.

ఇప్పుడు దాని యర్థము తెలియును. గాలిగదులు మూతపడకుండుటకై శిశువు ఊపిరి విడుచునప్పుడు కంఠద్వారమును సగము మూసి, కొంత గాలిని లోపలనే బిగబట్టుకొనును. ఆ బిగువునుండి వచ్చు ధ్వనియే మూలుగు. అది నొప్పికి మూలుగుట కాదు. ఓడిపోవుట అంతకన్న కాదు. లేని పొర చేయవలసిన పనిని ఆ పసికంఠము చేయుచున్నది. ముక్కుపుటములలో సన్నని గొట్టము లమర్చి, గాలి నొత్తిడితో పంపి, వైద్యురాలును ఆ పనినే చేయుచుండెను. అది చాలదని, సర్ఫాక్టెంటు పోయవలెనని చెప్పి, అది దూడల ఊపిరితిత్తులనుండి తీసినదని గూడ దాచక తెలిపి, కాగితము మా చేతి కిచ్చెను.

సంస్కరణమును గూర్చి ఎన్నియో వ్యాసములు వ్రాసిన మా చేయి ఆ కాగితముపై నిలిచిపోయినదని చెప్పుటకు సిగ్గగుచున్నది. క్షణకాలమే. వెనుక నిలుచున్న మా అమ్మ, 2001నాటి రాత్రి నోరు మెదపని మా అమ్మ, "దూడ నోటికాడి పాలు తీసే గదట్రా మిమ్మల్నందర్నీ పెంచాను. ఆ ఋణం ఇవాళ్టిది కాదు. సంతకం పెట్టు" అనెను. పెట్టితిమి. ముత్యపుపొడి కలిపినట్లున్న తెల్లని ద్రవము కొలది మిల్లీలీటర్లు లోనికి పోయెను. అరగంటలో ప్రాణవాయువు పాలు తగ్గించిరి. తెల్లవారునప్పటికి మూలుగు లేదు. 26వ దినమున ఇంటికి తెచ్చుకొంటిమి.

బారసాలనుండి తిరిగి వచ్చుచు, త్రోవలో, మా అక్క కీ సంగతు లన్నియు చెప్పితిమి. ఆమెకు తరువాత ఇద్దరు బిడ్డలు, నెలలు నిండినవారు, కలిగిరి. తొలిబిడ్డ మాట ఆమె మాతో నెన్నడును ఎత్తలేదు. పొరను గూర్చి, బుడగలను గూర్చి, గొర్రెపిల్లను గూర్చి మౌనముగా వినెను. సుశ్రుతుని మాట చెప్పినది మేమే యని ఒప్పుకొంటిమి. ఆమె దానికి బదులు చెప్పలేదు. ఇంటి గుమ్మమువద్ద నిలిచి, తాళపుచెవి వెదకుచు,

"అయితే తమ్ముడూ, వాడు ఆ రాత్రంతా మూలగటం లేదన్న మాట. ఊపిరి నిలబెట్టుకుంటున్నాడు" అనెను.

అవునంటిమి. ఆమె తాళము తీసి లోపలికి పోయి దీపము వేసెను.